విదేశాల్లో ఉండి మన స్టాక్ మార్కెట్లో పెట్టుబడి: పాన్, పన్ను, రిటర్న్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖ ద్వారకానగర్‌లోని మా చిన్న ట్యాక్స్ ఆఫీసులో జూన్, జులై నెలల్లో రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ మోగిందంటే అది +1తోనో +971తోనో మొదలయ్యే నంబరే. డాలస్‌లో ఉన్న మధురవాడ కుర్రాడు, దుబాయ్‌లో ఉన్న గాజువాక వెల్డింగ్ సూపర్‌వైజర్, షిప్పు మీదుండి రెండు రోజులకోసారి వాట్సాప్‌లో జవాబిచ్చే మర్చంట్ నేవీ వాళ్లు. అందరూ అడిగేవి ఇంచుమించు అవే. చెప్పిందే చెప్పి గొంతు నొప్పెట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇందులోని సెక్షన్లు, రేట్లు 2025-26 ఆర్థిక సంవత్సరపు ఆదాయానికి, అంటే పాత 1961 చట్టం ప్రకారం. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త చట్టం, అందులో సెక్షన్ నంబర్లన్నీ, చాలా ఫారం నంబర్లూ వేరు. ఆ తేదీ తర్వాత వచ్చిన ఆదాయానికి ఈ నంబర్లు పట్టుకుని వాదించకండి.

షేర్లు అమ్మినప్పుడే టీడీఎస్ కోసేశారు కదా, మళ్లీ రిటర్న్ ఎందుకు?

కోసేశారు కాబట్టే. ఎన్నారైల్లో చాలామంది పన్ను ఎగ్గొట్టినవాళ్లు కారు, ఎక్కువ కట్టేసి ఊరుకున్నవాళ్లు. లాభం వచ్చిన ప్రతి అమ్మకం మీదా బ్యాంకో బ్రోకరో సెక్షన్ 195 కింద ముందే పన్ను పట్టుకుంటారు, అదే టీడీఎస్. తర్వాత వచ్చే నష్టంతో వాళ్లకి పని లేదు. ఒక లెక్క చూడండి. జూన్‌లో ఒక షేరు అమ్మితే 80,000 స్వల్పకాలిక లాభం వచ్చింది. 20 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, అంటే 20.8 శాతం లెక్కన 16,640 పోయింది. జనవరిలో ఇంకో షేరు అమ్మితే 1,10,000 స్వల్పకాలిక నష్టం. ఏడాది మొత్తం మీద మీరు 30,000 నష్టంలో ఉన్నారు, అయినా 16,640 సర్కారు దగ్గర కూర్చుంది. రిటర్న్ వేస్తేనే అది వెనక్కొస్తుంది. పైగా గడువులోపు వేస్తే మిగిలిన 30,000 నష్టాన్ని 8 ఏళ్లపాటు ముందుకు తీసుకెళ్లొచ్చు. గడువు దాటి వేస్తే రీఫండ్ వస్తుంది గానీ నష్టం మాత్రం గాల్లో కలిసిపోతుంది.

అసలు నేను ఎన్నారైనా కాదా?

పాస్‌పోర్ట్ రంగు చూసి తేలేది కాదు, రోజులు లెక్కపెట్టాలి. ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఇండియాలో 182 రోజులు లేదా అంతకు మించి ఉంటే రెసిడెంట్. అక్కడ ఉద్యోగం చేసుకుంటూ సెలవులకి వచ్చిపోయే భారతీయులకి మామూలుగా ఈ 182 రోజుల లెక్కే. కానీ ఇండియాలో మీ ఆదాయం 15 లక్షలు దాటి, అంతకుముందు 4 ఏళ్లలో మొత్తం 365 రోజులు ఇక్కడ గడిపి ఉంటే, 120 రోజులకే రెసిడెంట్ లెక్కలోకి వస్తారు. అప్పుడు 'నాట్ ఆర్డినరీ' అనే మధ్యరకం హోదా ఇస్తారు, విదేశీ జీతం జోలికి రారు. అయినా మామూలు ఎన్నారై లెక్క వేసేసుకుంటే తప్పే. కోవిడ్‌లో ఇంటికొచ్చి చిక్కుకుపోయినవాళ్లకి ఈ రోజుల లెక్క బాగా తెలిసొచ్చింది.

విదేశీ మారకపు చట్టం (ఫెమా) ఇచ్చే హోదా వేరు, ఆదాయపు పన్ను హోదా వేరు. ఉద్యోగానికని విమానం ఎక్కగానే ఫెమా దృష్టిలో మీరు ఎన్నారై. పన్ను దృష్టిలో మాత్రం ఆ ఏడాదికి ఇంకా రెసిడెంట్‌గానే మిగలొచ్చు. బ్యాంకు ఒకటి చెప్పింది, మీరు ఇంకొకటి చెబుతున్నారని గొడవ పడేది అందుకే.

నేను షిప్పులో చేస్తాను, నా సంగతేంటి?

విశాఖలో ఈ ప్రశ్న రాని వారం లేదు. విదేశీ ఓడరేవులకి తిరిగే షిప్పయితే మీ సీడీసీలో (నావికుల గుర్తింపు పుస్తకం) సైన్ ఆన్ తేదీ నుంచి సైన్ ఆఫ్ తేదీ వరకు ఉన్న రోజుల్ని ఇండియాలో ఉన్న రోజులుగా లెక్కపెట్టరు. అందుకే సీడీసీలో ఆ రెండు ముద్రల పేజీలూ ఫొటో తీసి పెట్టుకోమని నెత్తీనోరూ కొట్టుకుంటాను. పాస్‌పోర్ట్ స్టాంపులు మాత్రమే పంపితే నాకు చాలదు. విశాఖ, పారదీప్, చెన్నై మధ్య కోస్టల్ రన్‌లో ఉంటే ఆ రోజులు ఇండియా రోజులే.

విదేశాలకి తిరిగే షిప్పు జీతం ఎన్నారీ ఖాతాలో (ఎన్ఆర్ఈ, అక్కడి సంపాదన జమ చేసుకునే ఎన్నారై బ్యాంకు ఖాతా) పడినంత మాత్రాన దానికి ఇక్కడ పన్ను పడదని 2017 ఏప్రిల్‌లో కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు (సీబీడీటీ) 13వ నంబరు సర్క్యులర్‌లో తేల్చి చెప్పింది, కానీ అది మీరు నాన్ రెసిడెంట్ అయిన ఏడాదికే. జీతం సంగతి అది. ఆ డబ్బుతో కొన్న షేర్ల మీద లాభానికీ డివిడెండ్‌కీ ఆ సర్క్యులర్‌తో సంబంధం లేదు, పన్ను ఉంటుంది.

పాన్ లేదు. ఎలా తీసుకోవాలి?

మీది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే అయితే భారత పౌరుల ఫారం, ఇన్నాళ్లూ 49ఏ అని పిలిచినది. అమెరికన్, కెనడియన్, ఆస్ట్రేలియన్ పౌరసత్వం వచ్చేసి ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకిచ్చేది) మీద ఉంటే 49ఏఏ. "పుట్టింది కేజీహెచ్‌లో, చదివింది ఏయూలో, నేనెందుకు విదేశీయుణ్ణి" అని ఒకాయన పాపం నిజంగానే బాధపడ్డారు. ఫారానికి మన బాధతో పనిలేదు, చేతిలో ఉన్న పాస్‌పోర్ట్‌తోనే పని. 49ఏఏకి పాస్‌పోర్ట్, ఓసీఐ, విదేశీ అడ్రస్ కాగితాలు పెట్టేటప్పుడు అవసరమైతే అపోస్టిల్ (విదేశాల్లో చెల్లే అధికారిక ధ్రువీకరణ) చేయించాలి, లేదా అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించుకోవాలి. కార్డు విదేశానికి పంపమంటే ఖర్చు వెయ్యి దాటుతుంది, ఇండియా అడ్రస్‌కి అయితే వంద చిల్లర.

చదువుకునే రోజుల్లో తీసుకున్న పాన్ ఒకటి ఇంట్లో బీరువాలో ఉందేమో ముందు అమ్మని వెతకమనండి. రెండు పాన్‌లు ఉంటే 10,000 జరిమానా పడొచ్చు, ఒకటి సరెండర్ చేయాల్సిందే.

పాన్‌లో పేరు, పాస్‌పోర్ట్‌లో పేరు కలవడం లేదు

ఇది తెలుగువాళ్ల జాతీయ సమస్య. మనకి ఇంటిపేరు ముందొస్తుంది, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరమై కూర్చుంటుంది. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసేవాళ్లు కొందరు, అమెరికా వెళ్లాక నాన్న పేరునో తన పేరులోని చివరి ముక్కనో సర్‌నేమ్ చేసుకునేవాళ్లు కొందరు. పాన్‌లో పొడి అక్షరాలు ఒప్పుకోరు, పూర్తిగా విప్పి రాయాలి.

పాన్ నంబరే చూడండి. మొదట 5 అక్షరాలు, తర్వాత 4 అంకెలు, చివర ఒక అక్షరం. నాలుగో అక్షరం 'పి' అయితే వ్యక్తి, 'సి' అయితే కంపెనీ, 'హెచ్' అయితే ఉమ్మడి కుటుంబం. ఐదోది సర్‌నేమ్ మొదటి అక్షరం. ఇంటిపేరు బొడ్డు, పేరు రాజేష్ కుమార్ అనుకుందాం. పాన్ ఐదో అక్షరం 'కె' అని ఉంటే ఆ రోజు ఫారం నింపినవాడు కుమార్‌ని సర్‌నేమ్ గడిలో వేశాడన్నమాట. నంబరు మారదు, మార్చాల్సిన పనీ లేదు. పేరు మాత్రం పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టు దిద్దించుకోండి. డీమ్యాట్ (షేర్లు ఉండే ఖాతా), బ్యాంకు, పాన్ మూడింట్లోనూ ఒకే పేరు లేకపోతే ఖాతా తెరిచేటప్పుడు ఒకసారి, రీఫండ్ వచ్చేటప్పుడు ఇంకోసారి ఆగిపోతారు.

ఆధార్ లింక్ చేయలేదు, పాన్ పనిచేయడం లేదంటున్నారు

ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నాన్ రెసిడెంట్లకి, విదేశీ పౌరులకి లింక్ చేయడం నుంచి 2017లోనే మినహాయింపు ఇచ్చారు. సమస్యేంటంటే మీరు నాన్ రెసిడెంట్ అని పోర్టల్‌కి ఎవరూ చెప్పలేదు. దాని రికార్డులో మీరింకా రెసిడెంట్ కాబట్టి, 2023 జూన్ 30 గడువు దాటగానే అందరితోపాటు మీ పాన్‌నీ నిద్రపుచ్చింది. అలా ఇనాపరేటివ్ అయితే రీఫండ్ రాదు, టీడీఎస్ ఎక్కువ రేటులో కోస్తారు. మీ పాన్ ఏ అసెసింగ్ ఆఫీసర్ పరిధిలో ఉందో పోర్టల్‌లో చూసి, పాస్‌పోర్ట్ కాపీ, విదేశంలో ఉన్నట్టు ఆధారాలు పెట్టి హోదా మార్చమని రాయండి. దేశం వదిలేటప్పుడే చేసుంటే పది నిమిషాల పని.

మా దేశంలో ట్యాక్స్ నంబర్ కూడా అడుగుతున్నారు, అదెందుకు?

రిటర్న్ ఫారంలో (ఐటీఆర్) నాన్ రెసిడెంట్ అని పెట్టగానే ఏ దేశంలో ఉంటున్నారు, అక్కడి గుర్తింపు నంబరేంటి అని అడుగుతుంది. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ నంబరు. నంబరే ఇవ్వని దేశమైతే పాస్‌పోర్ట్ నంబర్ రాయొచ్చు. బ్రోకర్ కేవైసీలో, బ్యాంకులో అడిగేదీ ఇదే. ఇక్కడి ఖాతాల వివరాలు ఆ దేశానికి, అక్కడివి ఇక్కడికి వెళ్తుంటాయి కాబట్టి సరదాగా ఏదో ఒకటి కొట్టేయకండి.

పాత డీమ్యాట్ అలాగే వాడుతున్నా, పర్లేదా?

పర్లేదు కాదు. ఎన్నారై అయ్యాక రెసిడెంట్ డీమ్యాట్‌లో కొనడం అమ్మడం ఫెమా ప్రకారం తప్పు. దాన్ని ఎన్నార్వో (ఎన్ఆర్ఓ, ఇండియాలోని ఆదాయం పడే ఎన్నారై ఖాతా) డీమ్యాట్‌గా మార్చుకోవాలి. కొత్తగా, తిరిగి బయటికి తీసుకెళ్లే వీలుతో కొనాలంటే ఎన్నారీ ఖాతా మీద విడిగా తెరవాలి.

మా పిన్ని కొడుకు విషయంలో ఏమైందో చెప్తాను. వాడు సింగపూర్ వెళ్లగానే బ్రోకర్‌కి మెయిల్ పెట్టాడు, రెండేళ్లు నాలుగుసార్లు పెట్టాడు, ప్రతిసారీ 'మీ అభ్యర్థన అందింది' అనే జవాబు తప్ప ఏమీ జరగలేదు. ఆ రెండేళ్లూ వాణ్ణి రెసిడెంట్ అనుకుని అమ్మకాల మీద టీడీఎస్ కోయలేదు, డివిడెండ్ల మీద 10 శాతమే కోశారు. వాడేమో పన్ను తక్కువ పడిందని సంతోషపడ్డాడు. రిటర్న్ వేసేటప్పుడు నాన్ రెసిడెంట్ లెక్కలో మొత్తం కట్టాల్సొచ్చింది, ముందస్తు పన్ను కట్టలేదని వడ్డీ అదనం. మెయిల్ కాదు, ఫారం నింపి, అందినట్టు రసీదు తీసుకోండి.

ఏ లాభానికి ఎంత రేటు?

స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో అమ్మిన లిస్టెడ్ షేర్లు 12 నెలలకి మించి ఉంచుకుంటే దీర్ఘకాలికం. ఏడాదికి 1.25 లక్షల వరకు పన్ను లేదు, పైన 12.5 శాతం. 12 నెలలలోపు అయితే 20 శాతం. 2024 జులై 23కి ముందు ఇవి 10, 15 శాతాలు. రెండింటి మీదా సెస్సు 4 శాతం, ఆదాయం 50 లక్షలు దాటితే సర్‌చార్జి. ఉదాహరణకి దీర్ఘకాలిక లాభం 3 లక్షలైతే, 1.75 లక్షల మీద 21,875, సెస్సు 875, మొత్తం 22,750. బ్రోకరేజీ ఖర్చుగా లాభంలోంచి తీసేయొచ్చు, ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీ మీద పడే పన్ను) తీయకూడదు.

మా అక్కకీ నాకూ ఒకే లాభం వచ్చింది, తనకి పన్ను సున్నా, నాకేంటి ఇంత?

ఇది వినగానే అవతలివాళ్లు కాసేపు మాట్లాడరు. అక్క గాజువాకలో ఉంటుంది, వేరే ఆదాయం లేదు. 2 లక్షల స్వల్పకాలిక లాభం. కొత్త పన్ను పద్ధతిలో (న్యూ రెజీమ్) 4 లక్షల వరకు ఉన్న ప్రాథమిక మినహాయింపులో తన లాభం మొత్తం సర్దుకుంటుంది, పన్ను సున్నా. తమ్ముడు డాలస్‌లో ఉంటాడు, ఇండియాలో వాడికీ వేరే ఆదాయం లేదు, వాడికీ అదే 2 లక్షలు. ఈ షేర్ల లాభాన్ని ప్రాథమిక మినహాయింపులో సర్దుకునే సౌకర్యం రెసిడెంట్లకే ఇచ్చారు. కాబట్టి 40,000, సెస్సు 1,600, మొత్తం 41,600 కట్టాలి. తక్కువ ఆదాయం వాళ్లకి పన్ను తగ్గించే 87ఏ రిబేటు కూడా నాన్ రెసిడెంట్లకి లేదు. న్యాయమా అంటే నాకూ న్యాయం అనిపించదు, కానీ చట్టంలో అలాగే ఉంది. దీర్ఘకాలిక లాభం మీద 1.25 లక్షల మినహాయింపు మాత్రం ఇద్దరికీ ఉంది.

ఇది చూసి "అయితే డబ్బు అక్క పేరున పెట్టి ఆడిస్తా" అంటారు. అక్కకి గిఫ్ట్ ఇవ్వడానికి చట్టం అడ్డు చెప్పదు, కానీ అప్పుడు ఆ డబ్బు అక్కదే. తర్వాత నాది నాకిమ్మంటే, పన్ను సంగతి పక్కన పెట్టండి, సంక్రాంతికి ఇంటికి రాలేరు.

డివిడెండ్ మీద 20 శాతం కోశారు. మా దేశంతో ఒప్పందం ఉంది కదా?

2020 ఏప్రిల్ నుంచి డివిడెండ్ పన్ను కంపెనీ మీద కాదు, తీసుకున్నవాళ్ల మీద పడుతోంది. నాన్ రెసిడెంట్‌కి 20 శాతం, పైన సెస్సు. రెండు దేశాల మధ్య పన్ను ఒప్పందంలో (ట్రీటీ) అంతకంటే తక్కువుంటే తక్కువదే వాడుకోవచ్చు. యూఏఈ అయితే 10 శాతం. 40,000 డివిడెండ్‌కి 20.8 శాతం చొప్పున 8,320 కోస్తారు, ఒప్పందం వాడితే 4,000 చాలు. మిగతా 4,320 రిటర్న్‌లో అడిగి తీసుకోవాలి.

సింగపూర్‌లో ఉండే వ్యక్తులకి 15. అమెరికాకి ఎంతో తెలుసా? 25. అంటే మన చట్టంలోని 20 శాతమే నయం, ఒప్పందం ఊసెత్తకపోవడమే మంచిది. "అమెరికాతో ట్రీటీ ఉంది సార్, తగ్గించండి" అని ఏటా ఎవరో ఒకరు వాదిస్తూనే ఉంటారు.

ఒప్పందం వాడాలంటే మీ దేశం ఇచ్చే ట్యాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్, పోర్టల్‌లో నింపిన 10ఎఫ్ ఫారం, రెండూ కావాలి. ఏటా కొత్తవి తీసుకోవాలి. కంపెనీ డివిడెండ్ ప్రకటించాక దాని రిజిస్ట్రార్ నుంచి మెయిల్ వస్తుంది, అందులో గడువు తేదీ ఉంటుంది. ఆలోపు పంపితే తక్కువే కోస్తారు. ఆ మెయిల్‌ని అందరూ స్పామ్ అనుకుంటారు.

ఇంట్రాడే, ఎఫ్ అండ్ ఓ చేయొచ్చా?

ఎన్నారైకి ఇంట్రాడే (కొన్న రోజే అమ్మేయడం) లేదు, డెలివరీ మాత్రమే. ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) ఎన్నార్వో డబ్బుతో చేయొచ్చు. చేస్తే అది వ్యాపార ఆదాయం, ఐటీఆర్-3 వేయాలి. అక్కడ రాత్రి, ఇక్కడ పగలు, నిద్ర మానుకుని ఆప్షన్లు ఆడేవాళ్లని చూశాక నా సలహా అడక్కండి.

నాన్నగారి షేర్లు నా పేరు మీదికి వచ్చాయి, అమ్మితే లెక్క ఎలా?

వారసత్వంగా వచ్చినప్పుడు పన్ను లేదు, అమ్మినప్పుడే. కొన్న ధర నాన్నగారిదే మీ ధర, ఆయన ఉంచుకున్న కాలం కూడా మీ కాలంలో కలుస్తుంది. ఆయన ఎప్పుడో కోరమాండల్ షేర్లు కొన్నారు, ఎంతకో ఎవరికీ తెలీదు అనుకోండి. 2018 ఫిబ్రవరి 1కి ముందు కొన్నవైతే ఆ ఏడాది జనవరి 31 నాటి గరిష్ఠ ధరని కొనుగోలు ధరగా తీసుకోవచ్చు, అమ్మిన ధరకి మించకుండా. దీంతో పన్ను బాగా తగ్గిపోతుంది. ఇంకా కాగితం షేర్లుగానే ఉంటే ముందు డీమ్యాట్ చేయించాలి, 2019 ఏప్రిల్ నుంచి కాగితం రూపంలో అమ్మి బదిలీ చేయడం కుదరదు.

ఏ ఫారం, ఎప్పటిలోగా?

ఐటీఆర్-1 నాన్ రెసిడెంట్లకి కాదు. షేర్లు, డివిడెండ్లు ఉంటే ఐటీఆర్-2. మామూలు గడువు జులై 31. దాటితే డిసెంబర్ 31 వరకు వేయొచ్చు, 5,000 వరకు లేటు ఫీజు. వేసేముందు పోర్టల్‌లో మీ టీడీఎస్, ఆదాయం వివరాలు చూపించే 26ఏఎస్, ఏఐఎస్ రెండూ దించి చూడండి. టీడీఎస్ కోసినవాళ్లు 27క్యూ రిటర్న్‌లో మీ పాన్ తప్పు వేస్తే ఆ డబ్బు మీ ఖాతాలో కనపడదు, అది వాళ్లే సరిచేయాలి. కేవలం డివిడెండ్, చట్టంలో చెప్పిన కొన్ని రకాల వడ్డీ మాత్రమే ఉండి, పూర్తి రేటులో టీడీఎస్ అయిపోతే రిటర్న్ తప్పనిసరి కాదు. ఒప్పందం వాడుకుని తక్కువ కోయించుకుంటే ఆ మినహాయింపు వర్తించదు.

ఓటీపీ ఇండియా నంబరుకి వెళ్తోంది

రిటర్న్ వేస్తే సరిపోదు, 30 రోజుల్లో వెరిఫై చేయాలి. ఆధార్ ఓటీపీ అంటే ఆధార్‌కి ఇచ్చిన నంబరు, అది సీతమ్మధారలో అమ్మ దగ్గర పాత బటన్ ఫోన్లో ఉంటుంది. మొన్న జులైలో కాన్ఫరెన్స్ కాల్ పెట్టాం. కొడుకు న్యూజెర్సీలో, నేనిక్కడ, అమ్మగారు ఇంట్లో. "ఏటి బాబూ, ఏవో నంబర్లొచ్చాయి, గేస్ బుకింగా?" అన్నారు. చదవండమ్మా అంటే మొదటి మూడు అంకెలు చెప్పి కళ్లజోడు కోసం వెళ్లారు. తిరిగొచ్చేసరికి టైమైపోయింది. మూడోసారికి అయింది.

నెట్ బ్యాంకింగ్ ద్వారా లాగిన్ అయితే ఈ గోలే లేదు. ఏదీ కుదరకపోతే ఐటీఆర్-వి (రిటర్న్ రసీదు) ప్రింట్ తీసి సంతకం పెట్టి రిటర్న్‌లు ప్రాసెస్ చేసే బెంగళూరు సీపీసీకి పోస్టులో పంపొచ్చు. ఆ 30 రోజుల్లోపు అక్కడ చేరేలా చూసుకోండి.

రీఫండ్ ఏ ఖాతాలో పడుతుంది? బయటికి పంపొచ్చా?

పోర్టల్‌లో ముందే వాలిడేట్ చేసిన ఖాతాకే వస్తుంది, ఎన్నార్వో ఇవ్వండి. ఇండియాలో ఖాతానే లేనివాళ్లకి విదేశీ ఖాతా వివరాలిచ్చే గడి ఉంది. ఎన్నార్వో నుంచి ఏడాదికి 10 లక్షల డాలర్ల వరకు బయటికి పంపుకోవచ్చు, దానికి 15సీఏ అనే డిక్లరేషన్, అవసరాన్ని బట్టి సీఏ ఇచ్చే 15సీబీ సర్టిఫికెట్ కావాలి.

అమెరికాలో మళ్లీ చూపించాలా?

చూపించాలి. అక్కడ రెసిడెంట్ అయితే ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా వాళ్ల లెక్కలోకి వస్తుంది, ఇక్కడ కట్టిన పన్నుకి క్రెడిట్ అడగొచ్చు. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాల ఫారం) వేయాలి. మన మ్యూచువల్ ఫండ్లు అక్కడ పీఫిక్ (విదేశీ ఫండ్లలాంటి వాటికి పెట్టిన ప్రత్యేక పన్ను లెక్క) అనే చాలా చిరాకైన లెక్కలో పడతాయి, అందుకే చాలామంది నేరుగా షేర్లే కొంటారు. ఆ పక్క నా పని కాదు, అక్కడి సీపీఏని (మన సీఏ లాంటివాళ్లు) అడగండి.

మా ఆఫీసులో అమెరికన్ ఫ్రెండ్ కూడా కొంటానంటున్నాడు

2025-26 నాటి నిబంధనల్లో భారత సంతతి కాకపోతే ఎన్నారై దారి లేదు. సెబీ 2019 నిబంధనల కింద విదేశీ పోర్ట్‌ఫోలియో ఇన్వెస్టర్‌గా, రెండో కేటగిరీలో నమోదు కావాలి. కస్టోడియన్ (ఇన్వెస్టర్ తరఫున షేర్లు భద్రపరిచే సంస్థ) ద్వారా ఒకే ఉమ్మడి దరఖాస్తులో రిజిస్ట్రేషన్, పాన్, కేవైసీ అన్నీ అవుతాయి. నాలుగు షేర్లు కొనడానికి అంత తతంగం ఎందుకు, అక్కడే దొరికే ఇండియా ఫండ్ కొనుక్కోమనండి.

మీకు ఏం పంపాలి?

పాస్‌పోర్ట్ ముద్రల పేజీలన్నీ, బ్రోకర్ ఇచ్చే క్యాపిటల్ గెయిన్స్ ఎక్సెల్, ఎన్నారీ, ఎన్నార్వో రెండు ఖాతాల ఏడాది స్టేట్‌మెంట్లు, 16ఏలు (టీడీఎస్ సర్టిఫికెట్లు). యాప్ తెరిచి పచ్చరంగులో లాభం కనపడే స్క్రీన్‌షాట్ పంపకండి, దాంతో నేనేం చేయలేను. జులై 30 రాత్రి అసలు పంపకండి.